ఉప్పుటేటి గట్టున పిట్టచూపులు

మా చిన్నాయన రాజేశం పోయిన కొన్నాళ్లకు, తొలినాటి తెలంగాణ పోరాటంలో తిరిగినవాళ్ల మీద ఒక సంచిక వేస్తున్నామని కొందరు యువకులు మా ఇంటికి వచ్చారు. ఆయన తీసిన ఊరేగింపుల గురించి, ఇచ్చిన ఉపన్యాసాల గురించి ఇంటి మనిషిగా నేను రాసిస్తే బాగుంటుందన్నారు. సరేనని కూర్చున్నాను. కూర్చుంటే ఊరేగింపు ఒక్కటీ కళ్లముందుకు రాలేదు. ఆ ఊరేగింపుల మధ్యలోంచి మాయమై, తల్లినీ నన్నూ జీపులో ఎక్కించుకుని, పిట్టలు చూస్తానని సముద్రం ఒడ్డుకు బయలుదేరిన ప్రయాణమే మళ్లీ మళ్లీ గుర్తుకొచ్చింది. అది సంచికకు పనికొచ్చే ముచ్చట కాదు. వాళ్లకు వేరే ఏదో మర్యాదగా రాసిచ్చి పంపాను. ఇది మాత్రం నా కోసం రాసుకుంటున్నాను.

అప్పట్లో సిరిసిల్లలో మాది మగ్గాల ఇల్లు. ముందు గదిలో మగ్గాలు, వెనక వంటిల్లు, ఆ వెనక నూలుకు గంజి పెట్టే జాగా. తెల్లవారకముందే గంజి ఉడికే వాసన మమ్మల్ని నిద్రలేపేది. పులిసిన గంజి, తడి నూలు, రంగు తొట్టి, పొయ్యిలో పిడకల పొగ, ఇవన్నీ కలిస్తే వచ్చే వాసనకు ఇప్పటికీ నేను పేరు పెట్టలేను. కానీ ఎక్కడైనా అందులో సగం తగిలినా బడికి ఆలస్యమైందన్న కంగారు మొదలవుతుంది. ఆ ఇంటికి పెద్ద మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్న తల్లి. తాత పోయాక ఇల్లూ మగ్గాలూ ఆమె చేతిలోనే ఉండేవి. వంటింట్లో కూర్చుని, దవడలో తంబాకు పెట్టుకుని, చెవితోనే మగ్గాలన్నిటినీ కాపలా కాసేది. ఏ చప్పుడు ఆగినా, "మల్లేశం, పోగు తెగిందా, నిద్ర అచ్చిందా?" అని మా నాన్నను లోపలి నుంచే అడిగేది. ఆమెతో అబద్ధం చెప్పాలంటే మగ్గం ఆపకుండా చెప్పాలని మా నాన్న అనేవాడు. జీవితంలో ఆమెకు మిగిలిన కోరికలు రెండే. ఒకటి, సముద్రంలో స్నానం చేయడం. రెండోది, ముస్తాబాద్‌లో ఉన్న తన తమ్ముడి కూతురిని చిన్నకొడుక్కు చేసుకోవడం.

ఆ చిన్నకొడుకు కోరుట్ల బడిలో డ్రాయింగ్ మాస్టరు. పిల్లలకు మామిడిపండు, కూజా, పూలతీగ గీయడం నేర్పవలసినవాడు అన్ని తరగతులకూ పిట్టలే నేర్పేవాడు. హైదరాబాదులో పాత సామాన్ల బజారులో కొన్న దుర్బీను ఒకటి ఆయన మెడలో ఎప్పుడూ వేలాడుతుండేది. దాని కుడివైపు అద్దం పగిలిపోయింది కాబట్టి ఒక కన్ను మూసుకుని చూడాలి. ఆ అలవాటు దుర్బీను లేనప్పుడు కూడా పోలేదు. కోరుట్ల బజారులో కొందరు ఆడవాళ్లు ఆయన కన్నుకొడుతున్నాడనుకుని ఇంటి ఓనరుకు చెప్పి, ఒకసారి పెద్ద పంచాయితీయే అయింది.

పోరాటం మొదలయ్యేసరికి బళ్లకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. జగిత్యాలలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న నేను సిరిసిల్లకు వచ్చి పడ్డాను. చిన్నాయన కోరుట్లలో పిల్లలను వెంటేసుకుని ఊరేగింపులు తీశాడు. నినాదాల అట్టలన్నీ ఆయనే రాశాడు. రాసి ఊరుకుంటే బాగుండేది. ప్రతి అట్ట మూలలో ఒక పిట్టను గీశాడు. అట్టలు ఎవరు రాశారో కనుక్కోవడానికి పోలీసులకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. "నీకోసం అడుగుతున్నరట. జర గీ వేడి తగ్గేదాక ఊళ్లె కనవడకురా" అని మా నాన్న కబురు పంపితే, చిన్నాయన ఒక జీపు వేసుకుని సిరిసిల్లలో దిగాడు. జీపు కోరుట్లలో తునికాకు వ్యాపారం చేసే ఆయన స్నేహితుడిది. దిగినవాడు దిగినట్టే వంటింట్లోకి పోయి తల్లి ముందర కూర్చున్నాడు.

"అవ్వా, సముద్రంల తానం చేపిస్త. పోదాం పా."

బాపమ్మ తంబాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది. "పోలీసోళ్లకు భయపడి పోతున్నవా, నా మీద భక్తితోని పోతున్నవా?"

"రెండూ అవ్వా."

"మూడోది ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది. గాడ సముద్రం ఒడ్డుకు రాజహంసలు దిగుతయట. సూడాలె."

బాపమ్మ ఆయన మొహం చూస్తూనే మగ్గాల వైపు చెవి పెట్టింది. ఆ సమయానికి మగ్గాలన్నీ బాగానే ఆడుతున్నాయి. "సరే. గీ పిల్లను గూడ తోలుకపోదాం. నా నడుము పట్టెటందుకు ఒకలుండాలె" అని నన్ను చూపించింది.

మూడోది రాజహంసలు కావని నాకు దారిలో తెలిసింది. హైదరాబాదు దాటాక బాపమ్మ వెనక సీటులో నిద్రపోతుంటే, చిన్నాయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. హైదరాబాదులో డ్రాయింగ్ పరీక్షకు చదువుకునే రోజుల్లో బందరు దగ్గర పెడన నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె ఆయన పక్క బల్ల దగ్గర కూర్చునేదట. పేరు రాజ్యలక్ష్మి. ఇంట్లో రాజ్యం అంటారట. వాళ్లదీ నేతపని చేసుకునే ఇల్లేనట.

"ఆంధ్రా ఆమెనా?" అన్నాను.

"మెల్లగ. అవ్వ లేస్తది."

"మొన్నటిదాక బజాట్ల గంత మొత్తుకుంటివి గద చిన్నాయినా."

"నేను కొలువుల గురించి మొత్తుకున్న బిడ్డా. పిల్లల గురించి మొత్తుకోలే" అన్నాడు, ఎంతో న్యాయంగా.

ఆయనా ఆమే ఉత్తరాల్లో కలిసి వేసిన ఉపాయం ఇది. హైదరాబాదులో తనతో చదివిన మాస్టారు తల్లితో పాటు పిట్టలు చూడటానికి వస్తున్నాడనీ, ఉప్పుటేటి వైపు చూపిద్దామనీ ఆమె తన తండ్రికి చెబుతుంది. ఆ మాస్టారు ఏ ఊరివాడో చెప్పదు. మా బాపమ్మకు సముద్రం పేరు చెప్పి తీసుకుపోవాలి. పెద్దవాళ్లిద్దరూ ఒడ్డున కూర్చుని ఒకరితో ఒకరు నాలుగు మంచి మాటలు మాట్లాడుకున్నాక, అప్పుడు చూసుకుందామని. నా పని, బాపమ్మ చూపు పిట్టల మీది నుంచి కదలకుండా చూడటం. మా బాపమ్మ చూపును ఎవరైనా ఎక్కడైనా నిలపగలరా అని నేను అడగలేదు. అంత మంచి కుట్రలో నాకు చోటు దొరకడం అదే మొదలు.

బెజవాడ దాటగానే చిన్నాయన ఇద్దరికీ ఒక జాగ్రత్త చెప్పాడు. రోజులు బాగాలేవు, నోరు తెరిస్తే ఎక్కడివాళ్లమో తెలిసిపోతుంది, వీలైనంత తక్కువ మాట్లాడండి, మాట్లాడితే చివర అండీ అనండి అని. బాపమ్మ ఆ మాటను బుద్ధిగా పాటించింది. బందరు సత్రంలో పొద్దున్నే వరండాలో నిలబడి, "ఓ పిలగా, తానానికి నీళ్లు యాడున్నయండీ?" అని కేక వేసింది. సత్రంలో ఉన్నవాళ్లంతా తలుపులు తీసి చూశారు.

ఆ ఉదయం పెడన దాటి సముద్రం వైపు మళ్లాం. గాలిలో ఉప్పు వాసన, ఎండుచేపల వాసన. బాపమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ కొంగు చాటు నుంచే అన్నీ చూస్తోంది. దారి సన్నబడి, సన్నబడి, చివరికి ఒక మట్టిగట్టు అయింది. ఒక పక్క ఉప్పుమళ్లు, ఇంకో పక్క బురద. ఆ గట్టు మీద ఎదురుగా ఒక గూడుబండి వచ్చింది. ముందర కూర్చుని తోలుతున్నది తెల్లటి పంచె, తెల్లటి మీసాలు ఉన్న ఒక పెద్దాయన. జీపూ బండీ ముక్కులు ఆనేటంత దగ్గరగా వచ్చి ఆగిపోయాయి.

"కాస్త వెనక్కి తీయండి బాబూ" అన్నాడు పెద్దాయన.

చిన్నాయన తీయలేదు. అప్పుడు బయటపడింది ఇంకో సంగతి. కోరుట్ల స్నేహితుడు ఆయనకు జీపు ముందుకు నడపడం మాత్రమే నేర్పాడు. వెనక్కి నడపడం నేర్పేలోపు పోలీసులు వెతుకుతున్నారన్న కబురు వచ్చింది. సిరిసిల్ల నుంచి సముద్రం దాకా ఎక్కడా వెనక్కి తీయకుండా వచ్చామని నాకు అప్పుడే తెలిసింది.

"మీరే జర యెనుకకు పోరాదుండ్రి, అండీ" అన్నాడు చిన్నాయన, ఎడ్లను చూస్తూ.

పెద్దాయన మీసం కదిలింది. "మాట చూస్తే తెలంగాణా వాళ్లలా ఉన్నారు. రేడియోలో రోజూ వింటున్నాంలెండి. అక్కడున్న మావాళ్లని వెనక్కి పొమ్మంటున్నారట. మా ఊరొచ్చి మమ్మల్నే వెనక్కి పొమ్మంటే ఎలాగండీ?"

బాపమ్మ కొంగు ముక్కు మీది నుంచి దించింది. అండీలు అంతటితో అయిపోయాయి. "ఓ పెద్దమనిషీ, నిన్ను ఎవ్వలు పొమ్మన్నరు? మా పోరనికి యెనుకకు నడుపుడు రాదు. అస్తే ఎప్పుడో పోతుండె. నీ ఎడ్లకు అస్తదా?"

"ఎడ్లకు మాత్రం ఎలా వస్తుందమ్మా, గట్టు మీద?"

"మరి ఇద్దరికి రానప్పుడు ఎందుకు గీ లొల్లి?"

ఆయన ఏదో అనబోయేంతలో గూడు లోంచి ఒక అమ్మాయి తల బయటపెట్టింది. "నాన్నా, ఎడ్లని విప్పేసి జీపుని మనమే వెనక్కి నెట్టేద్దాం. అక్కడ వెడల్పుగా ఉన్న చోట పక్కకి పెట్టొచ్చు" అంది. ఆమెను చూడగానే చిన్నాయన చేయి జారి హారను మీద పడింది. ఎడ్లు బెదిరాయి. చిన్నాయన మొహంలో రంగు చూసి ఆమె ఎవరో నాకు తెలిసింది. ఆమె మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు. ఆ నటనకు అప్పుడే దండం పెట్టాలనిపించింది.

నెట్టడానికి అందరం దిగాం, బాపమ్మ తప్ప. "ఊరు గాని ఊర్ల బురదల కాలు వెట్ట" అని ముందు సీటులోకి మారి కూర్చుంది. చిన్నాయన చక్రం పట్టుకున్నాడు. పెద్దాయన, రాజ్యం, నేను జీపు ముక్కు దగ్గర నిలబడి వెనక్కి నెట్టాం. బాపమ్మ రథంలో ఉత్సవమూర్తిలా మా వైపే చూస్తూ వెనక్కి పోతోంది. పోతూ పోతూ సీటు మీదున్న దుర్బీను తీసి, ఒక కన్ను మూసి, రెండు మూరల దూరంలో ఉన్న రాజ్యాన్ని దాంట్లోంచి చూసింది. ఏం కనబడిందో ఆమెకే తెలియాలి. ఆ మూసిన కన్ను చూసి రాజ్యం ఈ ఇంట్లో తల్లికి కూడా ఇదే అలవాటా అనుకుందో ఏమో, నవ్వు ఆపుకోలేక నెట్టడం మానేసింది.

జీపు పక్కకు ఒదిగాక పెద్దాయన పంచెకు అంటిన బురద దులుపుకుంటూ, "పొద్దున్నుంచి ఒకాయన కోసం చూస్తున్నామండీ. హైదరాబాదులో తనతో చదివిన డ్రాయింగ్ మాస్టారు వస్తున్నారని మా అమ్మాయి చెప్పింది. దారి తప్పారేమోనని ఎదురొచ్చాం. మీకేమైనా తగిలారా?" అని అడిగాడు.

చిన్నాయన ఉప్పుమళ్ల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "నేనేనండీ" అన్నాడు.

కోటయ్యగారు, అదే ఆ పెద్దాయన పేరు, కూతురి వైపు తిరిగి ఒక చూపు చూశాడు. కూతురు ఎడ్లను మళ్లీ కట్టే పనిలో మునిగిపోయింది.

ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. ఎప్పుడూ పిట్టల గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పే చిన్నాయన ఆ రోజు ఒక కొంగను చూపించి గూడబాతు అన్నాడు. "కొంగండీ అది" అంది రాజ్యం మెల్లగా. నీళ్ల అంచున చిన్న చిన్న పిట్టలు అల వస్తే వెనక్కి, అల పోతే ముందుకు కాళ్లు కనబడనంత జోరుగా పరుగెత్తుతున్నాయి. గాలిలో నిలబడ్డ తెల్లటి పిట్టలు ఒక్కసారిగా రాయి పడ్డట్టు నీళ్లలో పడి చేపతో లేస్తున్నాయి. ఏటికి అవతల, చాలా దూరాన, బురద మీద లేతగులాబి రంగు చీర ఆరేసినట్టు ఒక గీత. "అవే రాజహంసలు" అన్నాడు చిన్నాయన. అంటూ చూస్తున్నది మాత్రం ఇవతలే.

బాపమ్మ డబ్బా తీసి సకినాలు పెట్టింది. వాళ్లు క్యారియరు విప్పి అన్నం, చేపల పులుసు పెట్టారు. బాపమ్మ పులుసు ఒక ముద్ద నోట్లో వేసుకుని, "కారం యాది మరిచిండ్రు" అంది. కోటయ్యగారు సకినం కొరికి, పన్ను తడుముకుని, "గట్టి మనుషులండీ మీరు" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. నా పని నేను చేయాలి కదా అని దుర్బీను బాపమ్మ చేతికిచ్చి అవతలి ఒడ్డు చూపించాను. ఆమెకు ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. అది చూసి రాజ్యం దగ్గరికి వచ్చి, ఆమె చేతులు సరిచేస్తూ, "గట్ల కాదు, గిట్ల పట్టుకోవాలె" అంది.

పెడన అమ్మాయి నోట్లోంచి కోరుట్ల మాట అచ్చంగా ఊడిపడింది. కోటయ్యగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. బాపమ్మ దుర్బీను కిందికి దించకుండానే రాజ్యం వైపు తిప్పి అడిగింది.

"గీ మాట నీకు ఎవ్వలు నేర్పిండ్రు బిడ్డా?"

సరిగ్గా అప్పుడే అవతలి ఒడ్డున ఆ గులాబి రంగు గీత లేచింది. మొదట ఒక కొస, తర్వాత మొత్తం. రెక్కల కింద చిక్కటి ఎరుపు, నల్లటి అంచు. నిప్పు విసిరినట్టు మా నెత్తి మీదుగా వంపు తిరిగి సముద్రం మీదికి పోయాయి. వాటిని చూసింది నేనొక్కదాన్నే. వాటి కోసమే బతుకుతున్నానని చెప్పుకునే మనిషి తల వంచుకుని ఇసుకలో వేలితో గీతలు గీస్తున్నాడు.

"ఇదా పిట్టలు చూడటమంటే" అన్నాడు కోటయ్యగారు చివరికి. కోపంగా కాదు, అలసిపోయినట్టు. "చూడమ్మా, మీ అబ్బాయి మంచివాడే కావచ్చు. కానీ అక్కడ రోజూ ఏదో ఒక గొడవ. రైళ్లు ఆగాయంటారు, రాళ్లు పడ్డాయంటారు. మావాళ్లు సామాన్లు సర్దుకుని తిరిగొస్తుంటే, నేను పిల్లని అక్కడికి పంపితే నన్నేమంటారు? మీ గొడవేదో తేలనివ్వండి. అప్పుడు మాట్లాడుకుందాం."

బాపమ్మ రాజ్యం చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుని, అరచేయి తిప్పి చూసింది. చూపుడు వేలి మీద పోగు కోసిన గీత ఉంది. నేతింటి ఆడపిల్లలందరికీ ఉంటుంది, నాకూ ఉంది. "కండెలు చుడ్తవా?" అని అడిగింది. "చిన్నప్పట్నుంచీ" అంది రాజ్యం. "నీళ్లు ఉప్పగున్నయి గద, గంజి ఎట్ల వెడ్తరు మీరు?" ఆ ప్రశ్న రాజ్యానికి కాదు, తండ్రికి. ఆయన ముందు ముక్తసరిగా చెప్పాడు. బాపమ్మ అట్ల పెడితే పోగు పెళుసెక్కదా అంది. ఎక్కదన్నాడు. ఎందుకెక్కదంది. పొద్దు ఉప్పుమళ్ల వైపు వాలేదాకా ఇద్దరూ గంజి గురించి వాదించుకున్నారు. సముద్రంలో తానం మాట ఆమెకే గుర్తు రాలేదు. ముస్తాబాద్‌లో తమ్ముడి కూతురి సంగతి బాపమ్మ మనసులో ఎక్కడ ఉందో, ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. చివరికి ఆమె లేచి చీర దులుపుకుంది.

"గొడవ తేలేదాక ఆగుమంటున్నవు. అది తేలేదాక నువ్వు ఉండవు, నేను ఉండ. నా కొడుకు పండ్లు ఊడినంక నీ బిడ్డ ఆయినకు సకినాలు దంచి పెడ్తదా? పిల్లలది తేల్చు ముందుగాల. ఏమంటవు అన్నా?"

పొద్దుటి నుంచీ పెద్దమనిషి అంటున్న ఆమె మొదటిసారి అన్నా అంది. మా మనుషుల్లో ఆ మాట ఊరికే రాదు. కొడుకును ఎవరింటికి అల్లుడిగా పంపుతుందో ఆ ఇంటాయనే ఆడమనిషికి అన్న అవుతాడు. కోటయ్యగారికి అది అర్థమయింది. ఆయన ఏటి వైపు తిరిగాడు. వెనక నుంచి చూస్తే భుజాలు వంగి ఉన్నాయి. ఒక్కగానొక్క కూతురని తర్వాత తెలిసింది. మళ్లీ మా వైపు తిరిగి, కళ్లు తుడుచుకోకుండానే, "చీకటి పడితే గట్టు కనబడదు. బయల్దేరదాం చెల్లెమ్మా" అన్నాడు.

వానలు మొదలయ్యేలోపు పెడనలో పెళ్లయింది. ముస్తాబాద్ వాళ్లు మా ఇంటి గడప తొక్కడం మానేశారు. కోరుట్ల బజారులో మాత్రం, "రాష్ట్రం అడగవోయి రాజ్యాన్ని తెచ్చుకున్నడు" అని నవ్వుకున్నారు. అందరూ నవ్వలేదు. ఒక పొద్దున వాళ్ల ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో "వాపస్ పో" అని ఇంత పెద్ద అక్షరాలతో రాశారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. చిన్నమ్మ, అంటే ఇప్పుడు రాజ్యాన్ని అలాగే పిలవాలి కదా, వంటింట్లో పొయ్యి వైపు తిరిగి ఏడ్చింది. మధ్యాహ్నం ఆమె పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసుకుని బయటికి నడిచి, ఆ అక్షరాల వంపులకు ముక్కులూ కాళ్లూ తోకలూ గీసింది. సాయంత్రానికి గోడ నిండా పిట్టలు. బడిపిల్లలు గుంపుగా వచ్చి చూసి, తమకూ నేర్పమని అడిగారు. ఆ పిల్లల్లో రాసినవాడు కూడా ఉన్నాడని ఆమెకు తెలుసు, వాడెవడన్నది మాత్రం బయటపెట్టలేదు. అతనికీ నేర్పింది.

బాపమ్మ అన్నట్టే గొడవ తేలేసరికి ఆమె లేదు, కోటయ్యగారూ లేరు. రాష్ట్రం వచ్చిన రోజు చిన్నాయన నోట్లో కట్టుడుపళ్లు, ఇంట్లో మనవలు. సిరిసిల్లలో ఇప్పుడు మరమగ్గాల చప్పుడు. ఏది ఆగిందో, ఏది ఆడుతోందో ఏ చెవికీ అందదు. మొన్నామధ్య ఎవరో అటు పోయి వచ్చి చెప్పారు, ఆ ఏటి పక్క బురదంతా రొయ్యల చెరువులయిందట, పిట్టలు వాలకుండా పైన వలలు కట్టారట. అప్పుడు మేం పోయింది పిట్టల కోసం కాదు కాబట్టి నాకు బాధపడే హక్కు ఉందో లేదో తెలియదు. కానీ ఆ రోజుల్లో మనుషులు దారికి అడ్డం నిలబడి తిట్టుకున్నా, ఒకరి మొహం ఒకరు చూస్తూ తిట్టుకునేవాళ్లు. తిట్టుకున్నాక డబ్బా విప్పుకునేవాళ్లు. ఇప్పుడు అంత కష్టం ఎవరూ పడరు, ఫోనులోనే కానిచ్చేస్తున్నారు.

చిన్నాయన సంతాపసభ జగిత్యాలలో జరిగింది. పిల్లల చదువుల కోసం ఆయనా చిన్నమ్మా చివరికి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. కుర్ర నాయకుడొకడు మైకు పట్టుకుని, అప్పట్లో ఆంధ్రావాళ్లు మనల్ని ఎట్ల ముంచారో, రాజేశం సారు వాళ్లను ఎట్ల ఎదిరించాడో గొంతు పగిలేలా చెప్పాడు. ముందు వరుసలో చిన్నమ్మ తల ఊపుతూ శ్రద్ధగా విన్నది. సభ అయ్యాక అతను దిగివచ్చి ఆమె కాళ్లకు మొక్కి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని కుశలాలు అడిగాడు. అన్నీ అడిగాక, "అమ్మా, మీ తల్లిగారిల్లు ఏ ఊరు?" అన్నాడు.

"సముద్రం" అంది చిన్నమ్మ.

మా వైపు చెరువు పెద్దదైతే చాలు, ఊరికి సముద్రం అని పేరు పెట్టేస్తారు. అతను సంతోషంగా ముందుకు వంగాడు. "ఏ సముద్రమమ్మా, కోనసముద్రమా? మా పెద్దక్కను గా దిక్కే ఇచ్చినం."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. చిన్నమ్మ మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, అతని భుజం మీద చేయి వేసి, కోరుట్లలో పుట్టినవాళ్లు కూడా అంత చక్కగా అనలేనంత చక్కగా చెప్పింది.

"గంతకంటె జర పెద్దది కొడుకా."